రెండు వేల గెంతులు, ఐదు గంటల ఆకాశం

(ఓటో లిలియెంతాల్ జీవితం గురించి ఒక గ్రంథాలయ సభలో విశ్రాంత పాలిటెక్నిక్ అధ్యాపకుడు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్ళకు వినపడుతోందా? ఫ్యాను చప్పుడు ఎక్కువైతే ఒకటి ఆపేయండి, కాసేపు ఉక్క భరిద్దాం.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు నేనొకసారి ఎగిరాను. మా దొడ్లో గడ్డివాము ఉండేది. నిచ్చెన వేసుకుని దాని మీదికెక్కి, మా నాన్నగారి నల్లగొడుగు తెరిచి పట్టుకుని దూకాను. గాల్లో ఎంతసేపున్నానో తెలీదు గానీ, కింద పడేసరికి గొడుగు తిరగబడి ఉంది, రెండు ఊచలు విరిగాయి, నా చీలమండ బెణికింది. ఆ సాయంత్రం ఇంట్లో పంచాయితీ అంతా గొడుగు గురించే. కాలి సంగతి మా నాయనమ్మ తప్ప ఎవరూ అడగలేదు. మళ్ళీ నేను గడ్డివాము ఎక్కలేదు.

మీలోనూ ఒకసారి దూకి మానేసినవాళ్ళు ఉండే ఉంటారు. నవ్వుతున్నారంటే ఉన్నారన్నమాట. ఇవాళ నేను చెప్పబోయే మనిషి రెండు వేలసార్లకు పైగా దూకాడు. అదీ కొండల మీద నుంచి. వయసు నలభై దాటాక, భార్య, నలుగురు పిల్లలు, నడుస్తున్న ఒక ఫ్యాక్టరీ పెట్టుకుని. ఆయన పేరు ఓటో లిలియెంతాల్. జర్మనీవాడు.

విమానం ఎవరు కనిపెట్టారంటే మన పిల్లలు ఠక్కున రైట్ సోదరులు అంటారు. తప్పేం లేదు. 1903 డిసెంబరు 17న ఇంజను పెట్టిన విమానాన్ని మనిషి అదుపులో ఉంచుకుని నడిపింది వాళ్ళే. కానీ ఆ ఇద్దరినీ ఈ దారిలోకి లాగింది ఒక చావు వార్త. ఆ వార్త దగ్గరికి తర్వాత వస్తాను. ముందు కొంగల సంగతి చెప్పాలి.

లిలియెంతాల్ 1848 మే 23న పుట్టాడు. ఊరు ఆంక్లామ్. అప్పట్లో ప్రష్యా రాజ్యంలో, బాల్టిక్ సముద్రానికి దగ్గర్లో ఒక చిన్న పట్నం. తండ్రి బట్టల వ్యాపారి, తల్లికి సంగీతం వచ్చు. ఎనిమిది మంది పిల్లలు పుడితే చాలామంది పసితనంలోనే పోయారు. మిగిలింది ఓటో, తమ్ముడు గుస్తావ్, చెల్లెలు మేరీ. ఓటోకి పదమూడేళ్ళకే తండ్రి పోయాడు. తల్లే పెంచింది.

ఆ ఊరి చుట్టూ పచ్చిక బయళ్ళు, బురద నేలలు. వేసవిలో తెల్లకొంగలు వచ్చి గూళ్ళు కట్టేవి. మన తేలినీలాపురం, ఉప్పలపాడు, నేలపట్టు చూసినవాళ్ళకు ఆ దృశ్యం వేరే చెప్పక్కర్లేదు. పెద్ద ఒళ్ళు, పొడుగు కాళ్ళు, అంత బరువున్న పక్షి రెక్క ఆడించకుండా గాలి మీద అలా పడుకుని తిరుగుతుంది. పిచ్చుక టపటపా కొట్టుకుంటూ ఎగిరితే మనకేమీ అనిపించదు. కొంగ రెక్క కదపకుండా పైకి వెళ్తుంటే మాత్రం ఇదెలా అన్న ప్రశ్న పుడుతుంది.

ఈ అన్నదమ్ములిద్దరూ ఆ కొంగల దగ్గరికి పాక్కుంటూ వెళ్ళి ఒక్కసారిగా లేచి బెదరగొట్టేవారు. బెదిరిన పక్షి మనిషికి దూరంగా పారిపోవాలి కదా? ఆశ్చర్యం ఏమిటంటే, గాలి వీళ్ళ వైపు నుంచి వీస్తుంటే కొంగ వీళ్ళ వైపే పరిగెత్తుకొచ్చి లేచేది. అంటే దానికి మనిషి భయం కన్నా ఎదురుగాలి అవసరం ఎక్కువ. విమానాలు ఇవాళ్టికీ వీలైనంతవరకు ఎదురుగాలిలోకే లేస్తాయి. శంషాబాదులోనైనా, గన్నవరంలోనైనా, గాలి దిక్కు మారితే రన్‌వే వాడే దిక్కూ మారుతుంది. ఆంక్లామ్ పిల్లలకు ఆ సంగతి కొంగే చెప్పింది.

పద్నాలుగేళ్ళ వయసులో పల్చటి చెక్కలతో రెక్కలు చేసుకుని, చేతులకు కట్టుకుని దిబ్బ మీద నుంచి పరిగెత్తారు. అదీ రాత్రిపూట, పగలైతే తోటి పిల్లలు ఎగతాళి చేస్తారని. ఎగరలేదనుకోండి. ఆ వయసులో నేనూ వాళ్ళూ ఒకటే. వాళ్ళు చెక్కలు దాచుకున్నారు, నేను గొడుగు అటక ఎక్కించాను.

తర్వాత ఓటో బెర్లిన్‌లో ఇంజనీరింగ్ చదివాడు. ఆ రోజుల్లోనే అన్నదమ్ములు ఇంకో ప్రయోగం చేశారు. కాళ్ళతో తొక్కితే రెక్కలు ఆడే యంత్రం కట్టి, దాన్ని తాడుతో కప్పు నుంచి వేలాడదీసి, రెండో కొసకు బరువు కట్టారు. మన బావి గిలక మీద చేద లాగినట్టే అనుకోండి. మనిషీ యంత్రమూ కలిపి సుమారు 80 కిలోలు, అవతల 40 కిలోల బరువు. ప్రాణం పెట్టి తొక్కితే సగం బరువు లేచింది. మిగతా సగం లేవలేదు, అది కూడా కొద్ది క్షణాలే. ఇంతకు మించి కండబలం పనికిరాదని అర్థమైంది. 1870లో ఫ్రాన్సుతో యుద్ధం వస్తే సైన్యంలోకి వెళ్ళాడు, తిరిగొచ్చాడు.

ఇక్కడే ఆయన దారి మిగతావాళ్ళ దారి నుంచి విడిపోయింది. అప్పటిదాకా ఎగరాలనుకున్నవాళ్ళు రెండు రకాలు. ఒక రకం ఏదో ఒకటి కట్టుకుని ఎత్తైన చోటి నుంచి దూకి కాళ్ళు విరగ్గొట్టుకునేవాళ్ళు. రెండో రకం కుర్చీలో కూర్చుని లెక్కలు కట్టి మనిషి ఎగరడం అసాధ్యమని తేల్చేవాళ్ళు. 1783లోనే బెలూన్లు వచ్చాయి నిజమే, కానీ బెలూన్ తేలుతుంది, ఎగరదు. గాలి ఎటు తోస్తే అటే. ఇంగ్లండులో జార్జ్ కేలీ అనే పెద్దమనిషి గ్లైడర్ల గురించి చాలా లోతుగా ఆలోచించాడు, ఆయన గొప్పవాడే, ఆయన గురించి ఇంకోసారి మాట్లాడుకుందాం.

లిలియెంతాల్ ముందు కొలతలు తీయడం మొదలుపెట్టాడు. నేలలో ఒక నిలువు స్తంభం, దాని మీద గుండ్రంగా తిరిగే పొడుగాటి చేతులు, వాటి చివర రెక్క ముక్కలు. మన ఊళ్ళలో తిరునాళ్ళలో రంగులరాట్నం తిరుగుతుందే, ఆ పద్ధతి. చేతులు తిరిగితే రెక్క ముక్కకు గాలి తగులుతుంది. ఆ గాలి రెక్కను ఎంత బలంతో పైకి ఎత్తుతోంది, ఎంత బలంతో వెనక్కి లాగుతోంది? ఈ రెండింటినీ విడివిడిగా తూకం వేశాడు. మా ఇంజనీరింగ్ వాళ్ళ భాషలో లిఫ్ట్, డ్రాగ్. రెక్కను గాలికి కొద్దికొద్దిగా వాలుస్తూ, ఒక్కో కోణం దగ్గర మళ్ళీ మళ్ళీ కొలిచాడు.

కోణం అంటే ఏమిటో గాలిపటం ఎగరేసిన ప్రతివాడికీ తెలుసు. సూత్రం సరిగ్గా కట్టకపోతే పటం ఏమవుతుంది? పైన బిగిస్తే లేవదు, కింద బిగిస్తే గిర్రున తిరిగి నేలకు కొట్టుకుంటుంది. పటం గాలికి ఎంత వాలుగా నిలబడాలో నిర్ణయించేది ఆ సూత్రమే. సంక్రాంతికి మీరు అంచనాతో కట్టే దాన్ని ఆయన అంకెల్లో రాసుకున్నాడు.

ఆ కొలతల్లో ఆయనకు దొరికిన అసలు రహస్యం వంపు. బల్లపరుపు రెక్క కంటే పైకి కొద్దిగా ఉబ్బిన రెక్క చాలా ఎక్కువ బరువు ఎత్తుతుంది, వెనక్కి లాగే బలం మాత్రం ఆ లెక్కన పెరగదు. కొంగ రెక్కను కోసి చూస్తే కనపడేది ఆ వంపే. మన కోస్తాలో తుఫాను వచ్చినప్పుడు రేకుల కప్పులు లేచిపోవడం చూశారు కదా? కింద నుంచి గాలి తోసిందని మాత్రమే అనుకుంటాం. కానీ కప్పు మీదుగా పరిగెత్తే గాలి కూడా దాన్ని పైకి పీలుస్తుంది. వంపు రెక్కకు జరిగేదీ దాదాపు అదే. మేలుకున్న తుఫాను మన కప్పులు ఎగరగొడితే, ఆయన దాన్ని మచ్చిక చేసుకుందామనుకున్నాడు.

ఈ కొలతలన్నీ కలిపి 1889లో ఒక పుస్తకం వేశాడు. సొంత డబ్బుతో. ఎగిరే విద్యకు పక్షి ఎగరడమే పునాది అన్న అర్థం వచ్చే పేరు. పట్టికలు, గీతలు, లెక్కలు, మధ్యలో కొంగ మనిషితో మాట్లాడినట్టు ఒక పద్యం కూడా ఉంది! పెద్దగా అమ్ముడుపోలేదు. సొంత ఖర్చుతో పుస్తకం వేసినవాళ్ళు ఈ సభలో ఇద్దరు ముగ్గురు ఉన్నారు, వాళ్ళకు నేను చెప్పాల్సింది ఏమీ లేదు.

మరి ఇంటికి డబ్బెక్కడిది? బాయిలర్లు. పేలిపోయే ప్రమాదం తక్కువగా ఉండే చిన్న ఆవిరి బాయిలర్ ఒకటి తయారుచేసి, పేటెంట్ తీసుకుని, 1883లో బెర్లిన్‌లో ఫ్యాక్టరీ పెట్టాడు. చిన్న చిన్న వర్క్‌షాపుల వాళ్ళు కొనుక్కోగలిగే యంత్రం అది. 1890లో ఆ ఫ్యాక్టరీ లాభంలో 25 శాతం పనివాళ్ళకు పంచడం మొదలుపెట్టాడు. ఆ కాలంలో! పేదవాళ్ళు నాటకం చూడాలని టికెట్ చవకగా ఉండే థియేటరుకు డబ్బు పెట్టాడు. తనే ఒక నాటకం రాశాడు, కొన్నిసార్లు స్టేజీ కూడా ఎక్కాడు.

అన్నట్టు వ్యాపారంలో ఒకసారి బాగా దెబ్బతిన్నారు. ఇసుక, సుద్ద, అవిసె నూనె కలిపి పిల్లలు ఇళ్ళు కట్టుకునే రాతి దిమ్మల బొమ్మలు అన్నదమ్ములే తయారుచేశారు. అమ్ముకోవడం చేతకాక రిక్టర్ అనే వ్యాపారికి 1,000 మార్కులకు హక్కులు ఇచ్చేశారు. ఆయన వాటికి లంగరు గుర్తు వేసి దేశదేశాల్లో అమ్మి కోట్లకు పడగలెత్తాడు. వీళ్ళు మళ్ళీ అలాంటివే చేయబోతే కోర్టులో ఓడిపోయారు. ఇంత తెలివైనవాళ్ళకు బేరం తెలియలేదు.

సరే, కొండ దగ్గరికి వద్దాం.

1891. ఓటోకి నలభై మూడేళ్ళు. కొలతలు చేతిలో ఉన్నాయి, పుస్తకం అచ్చయింది. ఇంకొకడైతే ఇక ఇంజను కోసం చూసేవాడు. ఈయన మాత్రం ముందు గాలిలో నిలబడటం నేర్చుకోవాలన్నాడు. మనం ఈత ఎలా నేర్చుకున్నాం? నడుముకు ఎండు సొరకాయ బుర్రలు కట్టి, ఎవరో పెద్దవాళ్ళు బావిలోకి తోస్తే నేర్చుకున్నాం. గట్టు మీద కూర్చుని నీటి సాంద్రత గురించి ఎంత చదివినా ఈత రాదు. అలాగని మొదటిరోజే వరద గోదావరిలో దూకితే తేలేది శవమే. ముందు ఇంటి తోటలో బల్ల మీద నుంచి దూకాడు. ఎత్తు కొంచెం కొంచెం పెంచాడు. తర్వాత పోట్స్‌డామ్ దగ్గర డెర్విట్స్ అనే పల్లెలో ఒక దిబ్బ మీద నుంచి. మొదటి ఏడాది ఎగిరిన దూరం మహా అయితే 25 మీటర్లు. ఈ హాలుకు రెండింతలు కూడా ఉండదేమో.

రెక్కల చట్రం విల్లో కర్రలతో, అంటే మన వెదురులా వంగి విరగని రకం. దాని మీద నూలు గుడ్డ. మొత్తం యంత్రం బరువు 20 కిలోల అటూ ఇటూ. సీటు లేదు, చక్రాల్లేవు. రెండు మోచేతులు చట్రంలో ఇరికించి పట్టుకుని, కాళ్ళు కిందికి వేలాడేసి, కొండ మీద నుంచి ఎదురుగాలికి పరిగెత్తడమే. నేల వదిలాక తిప్పడానికి ఉన్న ఒకే సాధనం సొంత ఒళ్ళు. ఎడమ రెక్క లేస్తే కాళ్ళు ఎడమకు విసరాలి. ముక్కు లేస్తే కాళ్ళు ముందుకు చాపాలి. పైన గడ మీద నడిచే దొమ్మరి పిల్ల చేతులతో చేసే పని, ఈయన నడుముతో, కాళ్ళతో చేశాడు.

1893 నుంచి రీనో కొండలకు వెళ్ళాడు. బెర్లిన్ నుంచి రైలెక్కి, ఆపైన గుర్రపుబండి. అక్కడ 250 మీటర్ల దాకా ఎగిరాడు. కానీ ప్రతివారం అంత దూరం వెళ్ళాలంటే ఫ్యాక్టరీ ఎవరు చూసుకుంటారు? అందుకని 1894లో తన ఇంటికి దగ్గర్లోనే, లిష్టర్‌ఫెల్డెలో ఇటుక బట్టీల వాళ్ళు తవ్విపోసిన మట్టితో సొంతంగా ఒక కొండ కట్టించాడు. ఎత్తు 15 మీటర్లు. శంకువు ఆకారం. అలా ఎందుకంటే, గాలి ఏ దిక్కు నుంచి వీచినా ఆ దిక్కుకే పరిగెత్తి దూకొచ్చు. శిఖరం మీదే గ్లైడర్లు పెట్టుకోవడానికి షెడ్డు. ఆదివారం వస్తే బెర్లిన్ జనం తిరునాళ్ళకు వచ్చినట్టు వచ్చేవారు.

ఆ కొండ ఇప్పటికీ ఉంది. బట్టీ గుంటలో నీళ్ళు చేరి చెరువైంది, చుట్టూ పార్కు.

ఆ జనంలో ఫోటోగ్రాఫర్లు ఉండేవారు. సరిగ్గా ఆ కాలానికే కదిలే వస్తువును పట్టగలిగే వేగమైన కెమెరాలు వచ్చాయి, ఫోటోను నేరుగా పత్రికలో అచ్చేసే పద్ధతీ వచ్చింది. దాంతో కొండ మీద నుంచి రెక్కలతో తేలుతున్న గడ్డం మనిషి బొమ్మ యూరప్, అమెరికా పత్రికలన్నిటికీ పాకింది. దీన్ని నేను చిన్న విషయం అనుకోను. అప్పటిదాకా మనిషి ఎగిరాడంటే కథ. సంపాతి రెక్కలు కాలాయన్నా, హనుమంతుడు మహేంద్రగిరి నుంచి లంఘించాడన్నా మనం చేతులు జోడించి వింటాం. ఫోటో చూసినవాడు మాత్రం చేతులు జోడించడు, ఇదేదో నేనూ చేయొచ్చే అనుకుంటాడు.

చేశారు కూడా. 1894లో ఆయన ఒక గ్లైడర్‌ను ప్రామాణిక నమూనాగా ఖాయం చేసి, ఫ్యాక్టరీలో తయారుచేసి 500 మార్కులకు అమ్మాడు. రెక్కల వెడల్పు కొస నుంచి కొసకు 6.7 మీటర్లు, గబ్బిలం రెక్కలా మడుచుకునే ఏర్పాటు. కనీసం తొమ్మిది అమ్ముడయ్యాయి. ప్రపంచంలో వరసగా తయారై అమ్మకానికి వచ్చిన మొదటి ఎగిరే యంత్రం అదే. కొన్నవాళ్ళలో అమెరికా పత్రికాధిపతి హర్స్ట్ ఉన్నాడు, బ్రిటన్‌కు చెందిన పెర్సీ పిల్చర్ ఉన్నాడు, రష్యాలో విమాన శాస్త్రానికి పునాది వేసిన జుకోవ్‌స్కీ ఉన్నాడు.

ఇక్కడ నన్ను ఎప్పుడూ ఎవరో ఒకరు ఆపుతారు. మాస్టారూ, 1895లో బొంబాయిలో శివకర్ బాపూజీ తల్పడే విమానం ఎగరేశాడు కదా, ఆయన పేరు ఎందుకు చెప్పరని. మీరు అడగకముందే చెప్పేస్తాను. తల్పడేకు ఆ తపన ఉన్న మాట నిజం. కానీ అది ఎగిరిందనడానికి నిలబడే సాక్ష్యం లేదు. వైమానిక శాస్త్రం పేరుతో ఉన్న గ్రంథంలోని బొమ్మల్ని 1974లో బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ వాళ్ళు పరిశీలించి, అవి ఎగరగలిగినవి కావని తేల్చారు, ఆ గ్రంథం కూడా ఇరవయ్యో శతాబ్దంలో పుట్టిందేనన్నారు. ఇది చెప్తే కొందరికి కోపం వస్తుంది. రానివ్వండి. లిలియెంతాల్‌ని నేను నమ్మేది ఆయన జర్మన్ అని కాదు. రెక్క కొలత ఇచ్చాడు, కోణం ఇచ్చాడు, బలం ఎంతో పట్టిక వేశాడు, అబద్ధమైతే పట్టుకోండని ప్రపంచం ముందు పెట్టాడు.

పట్టుకున్నారు కూడా! అది చెప్పేముందు ఆ ఆదివారం సంగతి.

1896 ఆగస్టు 9. రీనో కొండల్లో ష్టోల్న్ అనే పల్లె పక్కన గొల్లెన్‌బెర్గ్ కొండ. వెంట మెకానిక్ పాల్ బైలిష్. ఎండ బాగా కాస్తోంది. ముందు దూకినవి బాగానే సాగాయి. తర్వాతి దానిలో గ్లైడర్ గాల్లో ఉన్నట్టుండి నిలబడిపోయింది. ఎండకు వేడెక్కిన నేల మీద నుంచి లేచిన గాలి ముక్కును పైకి నెట్టింది. కాళ్ళు విసిరి సరిచేయబోయాడు. ముక్కు కిందికి తిరిగింది, సుమారు 15 మీటర్ల ఎత్తు నుంచి నేలకు కొట్టుకుంది. మెడ ఎముక విరిగింది. బండి మీద ఊళ్ళోకి, తర్వాత రైల్లో బెర్లిన్ ఆసుపత్రికి చేర్చారు. మర్నాడు, ఆగస్టు 10న పోయాడు. నలభై ఎనిమిదేళ్ళు.

రెండేళ్ళ ముందు కూడా ఇలాగే ముక్కు కిందికి పడిపోతే, ముందు భాగాన కట్టుకున్న విల్లో కర్ర వంపు చట్రం ముక్కలై, ఆ దెబ్బ తను తిని ఆయన్ని కాపాడింది. ప్రమాదం తెలియక ఎగిరినవాడు కాదు. ఆయన సమాధి మీద ఒక మాట చెక్కి ఉంది, త్యాగాలు చేయక తప్పదని. చనిపోతూ అన్నాడని ప్రచారం. దానికి ఆధారాలు లేవు, నాకైతే నమ్మబుద్ధి కాదు. ప్రాణం పోతే పోనీ అనుకునేవాడు రెక్కకు ఆ చట్రం ఎందుకు కట్టుకుంటాడు? కొండ ఎత్తు కొంచెం కొంచెంగా ఎందుకు పెంచుతాడు? వీరుణ్ణి చేయాలన్న తొందరలో మనం ఆయన జాగ్రత్తను మింగేస్తున్నాం.

ఆ చావు వార్త అమెరికాలో డేటన్ అనే ఊళ్ళో సైకిళ్ళ దుకాణం నడుపుకునే ఇద్దరు అన్నదమ్ములు చదివారు. విల్బర్ రైట్, ఆర్విల్ రైట్. ఎగరడం మీద వాళ్ళ ఆసక్తి మళ్ళీ రాజుకుంది అప్పుడే. ఆ మాట వాళ్ళే చెప్పారు.

1901 సెప్టెంబరులో విల్బర్ షికాగోలో ఇంజనీర్ల ముందు మాట్లాడాడు. అందులో ఒక లెక్క చెప్పాడు. లిలియెంతాల్ ఐదేళ్ళలో నిజంగా గాలిలో గడిపిన సమయమంతా కలిపితే సుమారు ఐదు గంటలేనట. అర్థమైందా? రెండు వేలసార్లు దూకాడు, ఒక్కోసారి పదేసి క్షణాలు. సైకిలు నేర్చుకునేవాడు రోజుకు కొద్ది క్షణాల చొప్పున ఐదేళ్ళపాటు కలిపి ఐదు గంటలు తొక్కి, రద్దీ బజారులోకి వెళ్తే ఏమవుతుందని అడిగాడు విల్బర్. సైకిలు షాపువాడికి తట్టే పోలికే అది. ఆయన్ని తక్కువ చేయడానికి కాదు అన్నది. అంత తక్కువ సాధనతో అంత సాధించడమే వింత అన్నాడు.

వీళ్ళు ఆయన పట్టికలు తీసుకుని 1900, 1901లలో గ్లైడర్లు కట్టారు. పట్టిక చెప్పినంత బరువు అవి ఎత్తలేదు. టెన్షన్. ఎవరిది తప్పు? డేటన్‌కు తిరిగొచ్చి చెక్కపెట్టెతో చిన్న గాలి సొరంగం, అంటే ఒక కొస నుంచి ఫ్యానుతో గాలి తోసే గొట్టంలాంటిది చేసుకుని, రకరకాల రెక్క ముక్కల్ని తామే కొలిచారు. అందరూ కళ్ళు మూసుకుని వాడుతున్న ఒక పాత సంఖ్య అసలు దొంగ అని తేలింది. 18వ శతాబ్దంలో స్మీటన్ అనే ఇంగ్లీషు ఇంజనీరు పేరు మీద గాలిమరల లెక్కలకు వాడిన గుణకం, అంటే గాలి వేగాన్ని బట్టి అది ఎంత బలంగా తోస్తుందో లెక్కకట్టే అంకె. 0.005 అని వాడేవారు. నిజానికి 0.0033 దగ్గర ఉంది. లిలియెంతాల్ పట్టిక, ఆయన వాడిన ఆకారం రెక్కకు, చాలావరకు సరైనదేనని వాళ్ళే ఒప్పుకున్నారు.

ముప్పై ఎనిమిదేళ్ళు పాఠాలు చెప్పాను. ల్యాబ్ రికార్డులో రీడింగులు పక్కవాడి దగ్గర కాపీ కొట్టే పిల్లలకు నేను ఈ కథే చెప్పేవాణ్ణి. పట్టిక అచ్చులో లేకపోతే ఆ తప్పు పట్టుకునే వీలే లేదు.

ఆయన ఒళ్ళు ఊపి తిప్పే పద్ధతిని మాత్రం రైట్ సోదరులు వదిలేశారు. మనిషి బరువు ఎంత, దాన్ని ఎంత దూరం విసరగలడు? గ్లైడర్ పెద్దదయ్యేకొద్దీ చాలదు. రెక్క కొసల్నే మెలిపెట్టే ఏర్పాటు చేశారు. పెర్సీ పిల్చర్ ఒళ్ళు ఊపే పద్ధతిలోనే సాగాడు, 1899లో గ్లైడర్ విరిగి పడి ప్రాణం పోగొట్టుకున్నాడు. మనం పాఠ్యపుస్తకంలో రెండు ముక్కల్లో చదువుకునే విజయం వెనక ఇలాంటివాళ్ళు వరసగా ఉన్నారు.

విల్బర్ 1912లో చనిపోయాక అచ్చయిన ఆయన వ్యాసం ఒకటి ఉంది. 19వ శతాబ్దంలో ఎగరడం అనే సమస్యను పట్టుకున్నవాళ్ళందరిలోనూ లిలియెంతాలే ముఖ్యుడని అందులో రాశాడు. ప్రత్యర్థుల గొప్పతనం ఒప్పుకునే విషయంలో రైట్ సోదరులు అంత ధారాళం కాదు, కోర్టు కేసులు చూస్తే తెలుస్తుంది. అలాంటివాడు రాసిన మాట కాబట్టి నాకు దాని మీద గురి.

2016లో జర్మనీ విమానయాన పరిశోధన సంస్థ వాళ్ళు ఆయన గ్లైడరుకు అచ్చంగా నకలు చేయించి గాలి సొరంగంలో పరీక్షించారు. అది నిలకడగా ఎగిరే యంత్రమేనని తేలింది. నూట ఇరవై ఏళ్ళ తర్వాత ఆ అంకెలకు మళ్ళీ పరీక్ష.

ఒక్క విషయంలో మాత్రం ఆయన లెక్క ఘోరంగా తప్పింది. 1894లో ఒక మిత్రుడికి ఉత్తరం రాస్తూ, మనిషి ఎగరడం నేర్చుకుంటే దేశాల మధ్య సరిహద్దులకు అర్థం ఉండదని, గాలిలో గోడ కట్టలేరు కాబట్టి యుద్ధాలు మాని తగువులు ఇంకోలా తీర్చుకోక తప్పదని రాశాడు. ఇరవై ఏళ్ళు తిరిగేసరికి ఆయన దేశం విమానాలతోనే బాంబులు వేసింది. అవతలివాళ్ళూ వేశారు. ఆ ఉత్తరం చదివినప్పుడల్లా నాకు నోట మాట రాదు, దాని గురించి ఇంకేమీ చెప్పలేను.

ఆయన పేరు బెర్లిన్ టేగెల్ విమానాశ్రయానికి పెట్టారు. 2020లో అది మూతపడింది. నాకు ఆ విమానాశ్రయం కన్నా ష్టోల్న్ పల్లె ఇష్టం. 1989 అక్టోబరులో తూర్పు జర్మనీ వాళ్ళు సర్వీసు అయిపోయిన ఒక పెద్ద ఐఎల్-62 ప్రయాణికుల జెట్‌ను, నాలుగు ఇంజన్లదాన్ని, ఆయన పడిన కొండ పక్కన పచ్చికలో దింపారు. తారురోడ్డు రన్‌వే కాదు, గడ్డి. పొడవు కిలోమీటరు కూడా లేదు. దుమ్ము రేపుకుంటూ ఆగింది. మళ్ళీ లేవలేదు, లేవాలని తెచ్చింది కాదు. దాని పేరు లేడీ ఆగ్నెస్. ఆగ్నెస్ అంటే లిలియెంతాల్ భార్య. ఐదేళ్ళపాటు ప్రతి ఆదివారం మొగుడు కొండెక్కుతుంటే ఇంట్లో పిల్లలతో ఉన్న మనిషి. ఇప్పుడు ఆ విమానంలో మ్యూజియం ఉంది, పెళ్ళిళ్ళు కూడా రిజిస్టర్ చేస్తారు. మనవాళ్ళకు తెలిస్తే ముహూర్తాలకు క్యూ కడతారు.

ఇంకో ఐదు నిమిషాలే ఉందని అధ్యక్షులవారు గడియారం చూపిస్తున్నారు. పిల్లలూ, బయట వరండాలో మన పాలిటెక్నిక్ విద్యార్థులు వెదురు, ముతక నూలుగుడ్డతో చేసిన నమూనా ఒకటి పెట్టారు, అసలుదానిలో సగం సైజు. రెక్క కింద చెయ్యిపెట్టి ఆ వంపు తడిమి చూడండి. టేబుల్ ఫ్యాను, తక్కెడ కూడా ఉన్నాయి. కోణం మార్చి ఎంత బరువు లేస్తుందో కొలిచి, పక్కనున్న నోటుపుస్తకంలో మీ పేరుతో రాయండి. కొలిచింది కొలిచినట్టే రాయండి, పక్కవాడిది చూసి కాదు. దాన్ని పట్టుకుని మేడ మీదికి మాత్రం ఎవరూ ఎక్కొద్దు. మెట్ల దగ్గర వాచ్‌మన్‌ను నిలబెట్టాను.